థింక్‌ప్యాడ్ టీ480: 20,000 లోపు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు మొదట చూడాల్సిన మోడల్

పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్, ఎక్సెల్, బ్యాంకు పనులు, యూట్యూబ్, కాస్త కోడింగ్ నేర్చుకోవడం. ఇంతవరకే మీ అవసరమైతే, చేతిలో 20,000 లోపే ఉంటే, ఆ డబ్బుతో కొత్త ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి. ఆ ధరకు దొరికే కొత్తవాటిలో ఎక్కువగా సెలెరాన్ తరహా ప్రాసెసర్, మార్చడానికి వీల్లేని 4 లేదా 8 జీబీ ర్యామ్, పట్టుకుంటే వంగే ప్లాస్టిక్ బాడీ ఉంటాయి. కంపెనీలు లీజు ముగిశాక వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ అదే డబ్బుకు వస్తుంది, దానికంటే ఎన్నో రెట్లు గట్టిగా ఉంటుంది. వాటిలో నా మొదటి ఓటు లెనోవో థింక్‌ప్యాడ్ టీ480కి.

ఇది 2018 మోడల్. పాతదే. అయినా ఇప్పటికీ కొనదగ్గదని అనడానికి రెండు గట్టి కారణాలున్నాయి. మొదటిది ప్రాసెసర్. ఇంటెల్ ఎనిమిదో తరంతోనే ఈ సన్నరకం ల్యాప్‌టాప్‌లకు నాలుగు కోర్లు (ఒకేసారి వేర్వేరు పనులు చేసే ప్రాసెసర్ భాగాలు) వచ్చాయి. అంతకుముందు ఐ7 అని రాసి ఉన్నా చాలావాటిలో ఉన్నవి రెండే కోర్లు. పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన గీత కూడా సరిగ్గా ఈ ఎనిమిదో తరం దగ్గరే ఉంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఈ గీతకు ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నది ఇప్పుడు చాలా ముఖ్యం. రెండో కారణం, ఇందులో దాదాపు ప్రతి భాగమూ విడిగా మార్చుకోవచ్చు. ర్యామ్‌కు రెండు స్లాట్లు, ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు, కీబోర్డు, స్క్రీన్, రెండు బ్యాటరీలు. దీని తర్వాత వచ్చిన టీ490లో ఒక ర్యామ్‌ను మార్చడానికి వీల్లేకుండా బోర్డుకే సోల్డర్ చేశారు, బయటి బ్యాటరీ తీసేశారు. అందుకే మధ్యతరగతి ఇంట్లో నాలుగైదేళ్లు నడపాలనుకునే వాళ్లకు టీ480 ఇంకా మంచి బేరం.

అయితే మోడల్ మంచిదైనంత మాత్రాన మీ చేతికి వచ్చే ముక్క మంచిదని కాదు. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ల బజారులో గానీ అమీర్‌పేటలో గానీ ఒకే దుకాణంలో, ఒకే ధరకు పెట్టిన రెండు టీ480ల మధ్య 8,000 రూపాయల తేడా దాగి ఉండొచ్చు. ఆ తేడా ఎక్కడ దాక్కుంటుందో చెప్పడమే ఈ రివ్యూ ఉద్దేశం.

ప్రాసెసర్ నంబరు పూర్తిగా చదవండి

"ఐ5 అండీ, ఐ7 అండీ" అన్న మాటతో ఆగకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే పూర్తి నంబరు కనిపిస్తుంది. ఐ5-8250యూ, ఐ5-8350యూ, ఐ7-8550యూ, ఐ7-8650యూ, ఈ నాలుగింటిలో ఏదైనా తీసుకోవచ్చు. నాలుగూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లవే. రోజువారీ పనిలో 8250కీ 8350కీ తేడా కనిపెట్టడం కష్టం. ఐ7 కోసం అదనంగా 2,000 కంటే ఎక్కువ ఇవ్వనవసరం లేదు. ఆ డబ్బు బ్యాటరీకి పెట్టడం మేలు. టీ480 పేరుతోనే ఏడో తరం ప్రాసెసర్‌తో వచ్చినవి కూడా కొన్ని ఉన్నాయి. నంబరు 7తో మొదలైతే అది రెండు కోర్ల ప్రాసెసర్, అధికారికంగా విండోస్ 11 రాదు. దుకాణదారు ఏదో అడ్డదారిన ఎక్కించి చూపించినా తీసుకోకండి. ఐ7-6600యూ ఉన్న పాత థింక్‌ప్యాడ్‌ను "ఐ7 కదా" అని ఎక్కువ ధరకు అంటగట్టడం మామూలే. అది రెండు కోర్లది, ఐ5-8250యూ ముందు నిలవదు.

ఎమ్‌ఎక్స్150 అనే ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న టీ480 కూడా కనిపిస్తుంది. ఆటలకు అది ఇప్పుడు ఎలాగూ చాలదు. మామూలు పనికి వేడి, బ్యాటరీ ఖర్చు తప్ప ఒరిగేదేమీ ఉండదు. అదే ధరకు వస్తే సరే, దానికోసం ఎక్కువ ఇవ్వకండి.

స్క్రీన్: ఈ మోడల్ బలహీనత ఇక్కడే

టీ480 స్క్రీన్లు మూడు రకాలు. అన్నిటికంటే తక్కువది 1366×768 టీఎన్ ప్యానెల్. పక్క నుంచి చూస్తే రంగులు మారిపోతాయి, ఎక్సెల్‌లో తక్కువ కాలమ్‌లే కనిపిస్తాయి, చిన్న తెలుగు అక్షరాల్లో ఒత్తులు, గుణింతాలు కలిసిపోయి కళ్లు లాగుతాయి. రెండోది 1920×1080 ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు మారని ప్యానెల్), టచ్‌తోనూ లేకుండానూ వస్తుంది. మూడోది 2560×1440, అరుదు. మీరు వెతకాల్సింది రెండోదాన్ని. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ చూస్తే ఏది ఉందో వెంటనే తెలుస్తుంది. 1366×768 ఉంటే కనీసం 4,000 తగ్గించమనండి, లేదా ఇంకొకటి చూపించమనండి. దాన్ని తర్వాత 1080కి మార్చుకోవచ్చు. టచ్ లేని ఈ రెండు రకాలకూ 30 పిన్నుల కేబులే కాబట్టి ప్యానెల్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది. 1440 ప్యానెల్‌కు మాత్రం కేబుల్ కూడా మార్చాలి.

1080 ప్యానెల్ దొరికినా పెద్ద ఆశలు పెట్టుకోకండి. దాని వెలుగు 250 నిట్స్ మాత్రమే, రంగులు వెలిసినట్టు ఉంటాయి. గదిలో, ఆఫీసులో ఇబ్బంది లేదు. ఎండ పడే వరండాలో కూర్చుంటే సరిగా కనిపించదు. ఫొటో ఎడిటింగ్, డిజైన్ పనులవాళ్లు ఈ ల్యాప్‌టాప్‌ను వదిలేయడం మంచిది.

పరీక్షకు స్క్రీన్ అంతా తెల్లగా ఉండే బొమ్మ ఒకటి పెట్టి వెలుగు పూర్తిగా పెంచండి. బ్యాగులో ఒత్తిడి పడిన ప్యానెల్‌లో కాసులంత తెల్లటి మచ్చలు, అంచుల్లో పసుపు జాడ కనిపిస్తాయి. తర్వాత నల్ల బొమ్మ పెట్టి వెలుగుతూ ఉండిపోయే చుక్కలు వెతకండి. మూతను మెల్లగా వెనక్కీ ముందుకీ కదపండి. కదిపినప్పుడు బొమ్మ మినుకుమంటే హింజ్ దగ్గర కేబుల్ అరిగిందన్నమాట. ఈ పరీక్షలకు రెండు నిమిషాలు చాలు. దుకాణంలో లైట్లు ఎక్కువగా ఉంటే చేతితో నీడ పట్టి చూడండి.

రెండు బ్యాటరీల లెక్క

టీ480 ప్రత్యేకత ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. లోపల 24 వాట్-అవర్ (బ్యాటరీలో పట్టే శక్తి కొలత) బ్యాటరీ ఒకటి స్థిరంగా ఉంటుంది. వెనక నుంచి తీసి పెట్టేది రెండోది. అది 24, 48, 72 వాట్-అవర్ సైజుల్లో వస్తుంది. 24ది బాడీతో సమంగా ఉంటుంది. 48, 72వి కిందికి ఉబ్బెత్తుగా వచ్చి ల్యాప్‌టాప్‌ను కొంచెం వాలుగా నిలబెడతాయి. అందుకే బరువు కూడా ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటుంది.

వాడేటప్పుడు ముందు బయటిది ఖర్చవుతుంది, తర్వాత లోపలిది. లోపలిది పనిచేస్తుంటే ల్యాప్‌టాప్ ఆపకుండానే బయటిది మార్చుకోవచ్చు. పరీక్ష కూడా ఇలాగే చేయాలి. చార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్ నడుస్తుండగా వెనక బ్యాటరీ రెండు గొళ్లేలు జరిపి తీయండి. తీసిన వెంటనే ఆరిపోతే లోపలి బ్యాటరీ చచ్చిపోయిందని అర్థం. ఈ ఒక్క పరీక్షతో చాలామంది అమ్మకందార్లు ధర దించుతారు, ఎందుకంటే లోపలి బ్యాటరీ ఎలా ఉందో అడిగేవాళ్లు తక్కువ.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొట్టండి. అది తయారుచేసిన ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే రెండు బ్యాటరీల వివరాలూ విడివిడిగా వస్తాయి. డిజైన్ కెపాసిటీతో ఫుల్ చార్జ్ కెపాసిటీని పోల్చండి. 70 శాతం పైన ఉంటే మంచిదే. 50 కిందికి పోతే ఆ బ్యాటరీ ధర మొత్తంలోంచి తీసేయండి. ఇందులో ఒక కిటుకు ఉంది: నకిలీ బ్యాటరీల చిప్ ఎప్పుడూ నూటికి నూరు శాతం చూపించగలదు. ఏడేళ్ల ల్యాప్‌టాప్‌లో సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు పూర్తిగా చార్జ్ అయి ఖర్చయిందో ఆ లెక్క) 3 అని, కెపాసిటీ డిజైన్‌తో అక్షరాలా సమానమని కనిపిస్తే దాన్ని కొత్తదనుకోకండి, బయటి కంపెనీ సెల్ అనుకోండి. అనుమానం తీరాలంటే యూట్యూబ్‌లో 1080 వీడియో పెట్టి, వెలుగు సగంలో ఉంచి, అరగంట చూడండి. మంచి స్థితిలో ఉన్న 24+24 జతలో ఆ అరగంటకు మొత్తం మీద సుమారు పదో వంతు తగ్గాలి. అయిదో వంతు తగ్గిందంటే బ్యాటరీ సగం పోయినట్టే.

లెక్క చూసుకుంటే, మామూలు పనికి ఇది సుమారు 7 వాట్లు లాగుతుంది. కొత్తగా ఉన్నప్పుడు 48 వాట్-అవర్ల జత ఆరేడు గంటలు వస్తుంది. 65 శాతానికి దిగిన జత 31 వాట్-అవర్లు ఇస్తుంది, అంటే నాలుగు గంటల చిల్లర. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలోవాళ్లు బయటిది 48 లేదా 72 ఉన్నదాన్నే ఎంచుకోండి. రోజంతా ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు లెనోవో వాంటేజ్ యాప్‌లో చార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చేసుకోండి. అదే బ్యాటరీకి ఆయుష్షు.

టైప్-సీ పోర్టు, థండర్‌బోల్ట్ లోపం

టీ480 కొనేవాళ్లకు తప్పనిసరిగా తెలియాల్సింది ఇది. 2017–2019 మధ్య వచ్చిన చాలా థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ కంట్రోలర్ (టైప్-సీ పోర్టును నడిపే చిప్) ఫర్మ్‌వేర్‌లో, అంటే ఆ చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లో, తప్పు ఉండేది. కొంతకాలం వాడాక టైప్-సీ చార్జింగ్ ఆగిపోవడం, హెచ్‌డీఎమ్‌ఐకి బొమ్మ రాకపోవడం, డాక్‌ను (ఒకే తీగతో మానిటర్, కీబోర్డు లాంటివి కలిపే పెట్టె) గుర్తించకపోవడం లాంటివి మొదలవుతాయి. లెనోవో 2019లో దీనికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విడుదల చేసింది. ముందే అప్‌డేట్ చేసుకున్నవాటికి బాధ లేదు. చెడిపోయాక మాత్రం మదర్‌బోర్డు మార్చాలి, లేదంటే చిప్ స్థాయి రిపేరు తెలిసిన టెక్నీషియన్ ఆ చిప్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేయాలి.

కాబట్టి దుకాణంలోనే ఎడమవైపున్న రెండు టైప్-సీ పోర్టుల్లోనూ చార్జర్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, రెండింటిలోనూ చార్జ్ ఎక్కుతుందో లేదో చూడండి. రెండూ ఎక్కించాలి. చార్జర్ పిన్ను లోపల వదులుగా ఊగితే ఆ ముక్క వద్దు. ఆ పోర్టు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. హెచ్‌డీఎమ్‌ఐ తీగ ఒకటి అడిగి దుకాణంలోని మానిటర్‌కో టీవీకో తగిలించి చూడండి. అడగడానికి మొహమాటపడకండి, ఈ మోడల్‌లో అత్యంత ఖరీదైన లోపం బయటపడేది ఈ పరీక్షతోనే. చార్జర్ 45 లేదా 65 వాట్ల లెనోవోదే ఇవ్వమనండి.

తాళాలు: కంపెనీ వదిలినా ల్యాప్‌టాప్ వదలదు

ఆన్ చేసిన వెంటనే ఎఫ్1 నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగుల తెర) తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉన్నట్టు. థింక్‌ప్యాడ్‌లో లోపలి చిన్న నాణెం బ్యాటరీ తీసేసినంత మాత్రాన ఇది పోదు. "తర్వాత తీసిస్తాం" అన్న మాటను నమ్మకండి. అక్కడే ఇంకో సంగతి చూడండి: బయోస్‌లో చూపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా? తేడా ఉంటే బోర్డు మారినట్టే. ఆ సీరియల్‌ను లెనోవో సపోర్ట్ సైట్‌లో కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ ప్రాసెసర్, ఏ స్క్రీన్, ఎంత ర్యామ్‌తో వచ్చిందో తెలుస్తుంది. మొదట్లో 1080 స్క్రీన్‌తో వచ్చి, ఇప్పుడు 768 ఉంటే ఎవరో ప్యానెల్ మార్చేశారని స్పష్టం.

రెండో తాళం విండోస్‌లో ఉంటుంది. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను ఆటోపైలట్‌లో (కంపెనీ కంప్యూటర్లను దూరం నుంచే సెట్ చేసే మైక్రోసాఫ్ట్ సేవ) నమోదు చేస్తాయి. విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్ తగిలించగానే ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. దుకాణంలో ఇంటర్నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేసి ఇస్తే ఈ విషయం అప్పటికి బయటపడదు. రీసెట్ చేసి, మీ ఫోన్ హాట్‌స్పాట్ తగిలించి, సెటప్ మొదటి పేజీలు మీ ముందే దాటించమనండి. అరగంట పట్టినా ఓపిక పట్టండి.

విండోస్ అసలుదా కాదా చూడటానికి రన్‌లో (విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది) slmgr /xpr కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే మంచిదే. ఏదో ఒక తేదీకి గడువు ముగుస్తుందని వస్తే దొంగదారిన యాక్టివేట్ చేసిందని దాదాపు ఖాయం. కంపెనీ ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా విండోస్ ప్రో లైసెన్స్ బోర్డులోనే ఉంటుంది కాబట్టి శుభ్రంగా ఇన్‌స్టాల్ చేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

మిగతావి త్వరగా

ర్యామ్ 8 జీబీ ఉంటే పని నడుస్తుంది గానీ క్రోమ్‌లో పది ట్యాబులు, ఒక జూమ్ మీటింగ్ కలిస్తే ఆయాసపడుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కొన్నాక పెంచుకుందాం అనుకోవడం కంటే 16 జీబీ ఉన్నదాన్నే వెతకడం లాభం. 8+8 జతగా ఉంటే గ్రాఫిక్స్ కూడా కొంచెం చురుగ్గా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ విషయంలో పేరు ఊరు లేని కొత్త 512 కంటే, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 85 శాతం ఆరోగ్యం చూపించే పాత సామ్‌సంగ్ 256 నయం.

కెమెరా అసలు ఉందో లేదో చూడండి. కెమెరా లేకుండానే కంపెనీలు తెప్పించుకున్న టీ480లు ఉన్నాయి. ఉన్నది కూడా 720 మాత్రమే, మొహం గుర్తుపట్టేంత వరకే పనికొస్తుంది. ఆన్ చేయగానే "ఫ్యాన్ ఎర్రర్" వస్తే ఫ్యాన్ మార్చాలి. 0271 అనే తేదీ ఎర్రర్ వస్తే నాణెం బ్యాటరీ అయిపోయిందంతే, దానికి భయపడొద్దు. కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూడండి. ఎడమ మూలన కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ మీట ఉంటుంది. చేతికి అలవాటు కాకపోతే బయోస్‌లో రెండింటినీ తారుమారు చేసుకోవచ్చు. విదేశాల నుంచి వచ్చిన వాటిలో ఎంటర్ మీట నిలువుగా, ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లకు కొన్ని గుర్తుల చోటు మారుతుంది కాబట్టి అమెరికన్ కీబోర్డే అడగండి. మూత మీద కొత్తగా రంగు వేసినా, స్టిక్కర్ చుట్టినా మూలలు వేలితో తడిమి చూడండి. పగుళ్లు అక్కడే దాస్తారు.

ధర, ప్రత్యామ్నాయాలు

ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, 1080 స్క్రీన్, రెండు బ్యాటరీలూ 70 శాతం పైన ఉంటే 20,000 వరకు ఇవ్వొచ్చు. 8 జీబీ అయితే 16,000 దగ్గర ఆగండి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ నెలలు రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. ఆరు నెలల వారంటీ ఇచ్చే దుకాణానికి వెయ్యి ఎక్కువైనా పర్వాలేదు.

టీ480 దొరకకపోతే డెల్ ల్యాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 చూడండి. రెండింటిలోనూ ఎనిమిదో తరం ప్రాసెసర్ దొరుకుతుంది, రెండింటికీ రెండేసి ర్యామ్ స్లాట్లు ఉన్నాయి. ఎలైట్‌బుక్ చూడ్డానికి అందంగా, అల్యూమినియం బాడీతో ఉంటుంది. కానీ ష్యూర్ వ్యూ అనే ప్రైవసీ స్క్రీన్ ఉన్నది తీసుకోకండి, పక్కన కూర్చున్న పిల్లలకు పాఠం సరిగా కనిపించదు. టీ480ఎస్ సన్నగా, తేలికగా ఉంటుంది గానీ అందులో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, బయటి బ్యాటరీ లేదు. 28,000 దాకా పెట్టగలిగితే థింక్‌ప్యాడ్ టీ14 వైపు వెళ్లండి, బేరం అక్కడ ఇంకోలా ఉంటుంది.

టీ480 ఇంటికి తెచ్చిన రోజే చేయాల్సింది ఒకటుంది. చార్జర్ తగిలించి, లెనోవో వాంటేజ్‌లో సిస్టమ్ అప్‌డేట్ తెరిచి, బయోస్, థండర్‌బోల్ట్ డ్రైవర్, థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ మూడూ ఎక్కించండి. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ చార్జర్ తీయొద్దు, మూత వేయొద్దు. తర్వాత అడుగు మూత తెరిచి ఫ్యాన్ దుమ్ము తీయాలనుకుంటే, ముందు బయోస్‌లోని పవర్ మెనూలో లోపలి బ్యాటరీని డిజేబుల్ చేసి, వెనక బ్యాటరీ తీసి, అప్పుడు స్క్రూలు వదులు చేయండి. అవి పూర్తిగా ఊడిరావు, మూతకే అంటుకుని ఉంటాయి, బలవంతంగా లాగకండి. మూతను ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపితే క్లిప్పులు విరగవు.